గీజర్ డైరీ: కారణం రాసిన కాగితం

కార్తీక మాసం మొదట్లో

గీజర్ స్విచ్ వేసిన ఐదారు నిమిషాలకు ఇల్లంతా చీకటైపోతోంది. పడిపోతున్న స్విచ్ గీజర్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేది) కాదు, మెయిన్ బోర్డులో ఇంటి మొత్తానికీ కలిపి ఉన్న ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌కు జారితే ఆపేసే స్విచ్. తెల్లవారుజామున కార్తీక స్నానానికి లేచే మా అత్తయ్యగారు సగం స్నానంలో ఉండగా "అమ్మాయ్, మళ్లీ పోయింది" అని కేక వేయడం, నేను టార్చితో బోర్డు దగ్గరికి వెళ్లడం ఈ వారంలో మాకు నిత్యకృత్యం.

ముందు తేల్చుకోవలసింది తప్పు వైరింగులో ఉందా, గీజర్‌లో ఉందా అన్నది. ఫ్రిజ్, టీవీ, మోటారు, అన్నీ ప్లగ్గులు పీకేసి గీజర్ ఒక్కటే వేశాను. పడింది. అదే సాకెట్‌కు ఇస్త్రీపెట్టె తగిలించి అరగంట ఉంచాను. పడలేదు. కాబట్టి సాకెట్టు, దాని వైర్లు బాగానే ఉన్నాయి. జబ్బు గీజర్ కడుపులోనే ఉంది.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరైనదాన్ని. స్క్రూడ్రైవర్ అప్పుడే చేతికి వచ్చింది కానీ మావారు అడ్డుపడ్డారు. ఆయన సహకార సంఘంలో గుమాస్తాగా చేశారు. కాగితం చదవకుండా దేన్నీ ముట్టుకోనివ్వరు. గీజర్ 15 లీటర్లది, 2000 వాట్లది, కొని మూడేళ్లు దాటింది. కంపెనీ వారంటీ 2 ఏళ్లతో అయిపోయింది. కొన్నరోజు దుకాణంలో మరో 1,499 రూపాయలు కట్టించుకుని ఇంకో 3 ఏళ్ల "ఎక్స్‌టెండెడ్ వారంటీ" కాగితం ఇచ్చారు. "బయటివాళ్లు విప్పితే చెల్లదు అని ఉంటుంది, ముందు వాళ్లకు ఫోన్ చెయ్యి" అన్నారు. ఆ మాట విన్నాను.

అదే వారం చివర

టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడే, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. గీజర్‌కు టెస్టర్ ఆనించి చూశాడు, స్విచ్ వేశాడు, కరెంటు పడిపోయేవరకూ ఆగాడు. తరువాత పెరట్లోకి వెళ్లి కుళాయి కింద గచ్చు మీద పేరుకున్న తెల్లటి చారలు ఫోటో తీసుకున్నాడు. గీజర్ మూత మాత్రం విప్పలేదు.

"ఉప్పునీళ్లమ్మా, కాయిల్ పోయి ఉంటుంది. ఈ వైపంతా ఇంతే" అన్నాడు.

"బాబూ, నువ్వు ఫోటో తీసిన కుళాయి బోరుది. గీజర్‌కు ఆ నీళ్లు రావు" అన్నాను. ఆఫీసుకు చెబుతానన్నాడు.

మా ఊరు రాజోలు పక్కన. గోదావరి పాయలు వసిష్ఠకూ వైనతేయకూ మధ్య ఉన్న లంకంతా, నది మీదుగా కట్టిన గన్నవరం అక్విడక్ట్ దాటి వచ్చే కాలువ నీళ్ల మీద బతుకుతుంది. పైపైన ఫిల్టర్ పాయింటు, అంటే లోతు లేని బోరు, వేస్తే నీళ్లు ఫరవాలేదు. లోతుకు వెళ్లిన కొద్దీ ఉప్పన. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో మాకు మల్లే రెండు ట్యాంకులుంటాయి. పంచాయతీ కుళాయి నీళ్లు ఒకదానిలోకి వస్తాయి. అవి వంటకూ స్నానానికీ. రెండోదానిలోవి బోరు నీళ్లు, మొక్కలకూ దొడ్డి కడగడానికీ. గీజర్‌కు పైపు మొదటి ట్యాంకు నుంచే వస్తుంది.

కార్తీకం చివర

ఉత్తరం మెయిల్‌లో వచ్చింది. నాలుగు వరుసలు. నీటి నాణ్యత వల్ల ఏర్పడిన పొర, తుప్పు కారణంగా కలిగే నష్టం పాలసీ మినహాయింపుల్లో ఉంది కాబట్టి క్లెయిము తిరస్కరిస్తున్నాం అని సారాంశం.

నన్ను కుదిపినది డబ్బు కాదు. నీళ్లు కాచే ఎలిమెంటు ఖరీదు మహా అయితే వెయ్యి పైచిలుకు. చూడని వస్తువుకు కారణం రాసేశారు, అదీ కోపం. ల్యాబ్‌లో పిల్లలు రీడింగు తీసుకోకుండా టేబులు నింపేస్తే నేను రికార్డు వెనక్కి ఇచ్చేసేదాన్ని. ఇంకో సంగతి ఉంది. ఈ వారంటీ ఇంకా ఏడాదిన్నర పైగా నడుస్తుంది. "ఉప్పునీళ్ల ఇల్లు" అని మా పేరున ఒకసారి రాసిపెట్టుకుంటే రేపు థర్మోస్టాట్ పోయినా, ట్యాంకు కారినా ఇదే ఉత్తరం తేదీ మార్చి పంపుతారు.

మావారు కాగితం తిరగేసి చిన్న అక్షరాల్లో అసలు విషయం పట్టుకున్నారు. పైన దుకాణం పేరు ఉన్నా, అడుగున ఒక బీమా కంపెనీ పేరు, మాస్టర్ పాలసీ నంబరు ఉన్నాయి. అంటే ఇది దుకాణం ఇచ్చిన సర్వీసు మాట కాదు, కొన్నవాళ్లందరికీ కలిపి తీసుకున్న గ్రూప్ బీమా. ఈ తేడా ముందే చూసుకోవాలి. ఉత్త సర్వీసు ఒప్పందమైతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గానీ, బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ గానీ పట్టించుకోరు. వినియోగదారుల కమిషన్ ఒక్కటే దారి. బీమా అయితే అన్ని తలుపులూ తట్టవచ్చు.

ఆ రాత్రే వాళ్లకు ఒక మెయిల్ పెట్టాం: మీ మనిషి మూత విప్పలేదు, తిరిగి పంపండి, ఫలానా తేదీలోగా రాకపోతే మేమే విప్పి కారణం చూస్తాం, భాగాలన్నీ భద్రంగా ఉంచుతాం. జవాబు రాలేదు.

మార్గశిరం: మెగ్గర్

గడువు దాటింది. మా తమ్ముడు రొయ్యల చెరువుల మోటార్లు రీవైండింగ్ చేస్తాడు. ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో 500 వోల్టులతో కొలిచే మెగ్గర్ పట్టుకుని బండి మీద వచ్చాడు.

మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, టెర్మినళ్ల వైర్లు విడదీశాం. ముందు మల్టీమీటరుతో ఎలిమెంటు నిరోధం చూశాం: 26.8 ఓమ్‌లు. 230 వోల్టుల మీద 2000 వాట్లు ఇవ్వాలంటే లెక్క ప్రకారం 26.45 రావాలి. లోపలి కాయిల్ తెగలేదు, ఎక్కడా కలిసిపోలేదు. "కాయిల్ పోయింది" అన్న మాట ఇక్కడికే సగం కొట్టుకుపోయింది.

తరువాత కాయిల్‌కూ ఎర్త్‌కూ మధ్య. మల్టీమీటరు ఏమీ లేదన్నట్టే చూపింది. మీటరులో ఉండే చిన్న బ్యాటరీ ఒత్తిడికి ఇలాంటి లోపం బయటపడదు. మెగ్గర్ తిప్పితే 0.2 మెగా ఓమ్‌లు. కనీసం 1 మెగా ఓమ్ అయినా ఉండాలి, కొత్తదానికి వందల్లో ఉంటుంది. "అక్కా, ఇది చెమ్మ" అన్నాడు తమ్ముడు. చెరువు గట్ల మీద తడిసిన మోటార్లతో రోజూ ఇదే గొడవ అతనికి.

కానీ 0.2 మెగా ఓమ్‌లకు ఆర్‌సీసీబీ పడకూడదు. మాది 30 మిల్లీ ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అంత కరెంటు ఎర్త్‌కు జారాలంటే నిరోధం 7,700 ఓమ్‌ల దాకా దిగాలి. అసలు ఇలాంటివి రేటింగులో సగం దాటాక ఎప్పుడైనా పడవచ్చు, అయినా 0.2 మెగా ఓమ్‌లు చాలా దూరం. అందుకే వైర్లు తిరిగి కలిపి స్విచ్ వేసి, కరెంటు పడిన మరుక్షణం అంతా విడదీసి మళ్లీ కొలిచాం. మెగ్గర్ ముల్లు సున్నా మీద పడుకుంది. మల్టీమీటరు కూడా ఇప్పుడు 9 కిలో ఓమ్‌లు చూపించింది. వేడెక్కితే చెమ్మ కదిలి ఎర్త్‌కు దారి ఇస్తోంది, చల్లారితే దాక్కుంటోంది. ఐదారు నిమిషాలు ఆగి పడటానికి అర్థం ఇదీ.

ఎలిమెంటు నిర్మాణం తెలిస్తే మిగతాది తేలిక. బయట లోహపు గొట్టం, మధ్యలో కాయిల్, రెంటికీ నడుమ కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి వేడిని వదులుతుంది, కరెంటును ఆపుతుంది. కానీ చెమ్మను ఇట్టే పీల్చేస్తుంది. చెమ్మ రావడానికి రెండే దారులు. గొట్టానికి నీటి వైపున చిల్లు పడితే ఒక దారి. అది నిజమైతే పొర, తుప్పు అన్న కంపెనీ మాట నిలబడుతుంది. గొట్టం కొసన టెర్మినళ్ల దగ్గరి సీలు పాడైతే రెండో దారి. నీటి ఉప్పుతో దానికి సంబంధం లేదు.

ఈ రెంటిలో ఏది అన్నదే మొత్తం తగాదా.

విప్పడం

నీళ్లు వదిలేసి, గీజర్‌ను గోడ నుంచి దింపి పంచలో గోనె మీద పెట్టాం. ప్రతి మరనూ విప్పేముందు ఫోటో. మావారు ఆ రోజు దినపత్రికను పక్కన పెట్టి వీడియో తీశారు, తేదీ కనపడేలా.

కింది ప్లాస్టిక్ మూత తీయగానే కథ సగం బయటపడింది. అడుగు ప్లేటును పట్టి ఉంచే ఐదు నట్లలో ఒక్కదాని దగ్గర నుంచే గోధుమరంగు చార ఒకటి జారి, నేరుగా ఎలిమెంటు టెర్మినలు మీదికి దిగింది. మిగతా నాలుగూ పొడిగా, కొత్తవాటిలా ఉన్నాయి. ప్లేటు ఊడదీస్తే ఆ నట్టు వైపు, నీళ్లు కారకుండా వేసే రబ్బరు గాస్కెట్ గట్టిపడి, అంచున చిట్లి ఉంది. ఎదుటి వైపు గాస్కెట్ మెత్తగానే ఉంది. తయారీలో ఆ నట్టు ఒక్కటే ఎక్కువ బిగించారని నా అభిప్రాయం. నిరూపించలేను కాబట్టి ఉత్తరంలో రాయలేదు.

ఎలిమెంటు మీద దంతం రంగు పొర ఉంది, ఉందనే చెప్పాలి. గోటితో గీస్తే లేచిపోయేంత పలచన. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. నిరుడు మేలో కొద్ది రోజులు మొదటి ట్యాంకులోకి కూడా బోరు నీళ్లు ఎక్కించాం. ఆ సంగతి కూడా ఉత్తరంలో రాద్దామన్నాను. "మనమే ఆయుధం ఇస్తామా?" అన్నారు మావారు. రాయకపోతే రేపు వాళ్లు అడిగినప్పుడు మిగతా కొలతలన్నీ అబద్ధాల్లా కనిపిస్తాయి. రాశాం.

అదే ప్లేటుకు ఉన్న యానోడ్ రాడ్ మాకు మంచి సాక్షి అయింది. ట్యాంకు బదులు తాను కరిగిపోవడానికి పెట్టే మెగ్నీషియం కడ్డీ అది. నీళ్లలో ఉప్పు ఎక్కువైన కొద్దీ తొందరగా తరిగిపోతుంది. మా చెల్లెలు ఉండే మొగల్తూరు వైపు రెండేళ్లకే లోపలి తీగ తేలిపోవడం చూశాను. మాది మూడేళ్ల తరువాత కూడా సగానికి పైగా లావు మిగిలి ఉంది. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశాం.

బేకరీలో ఎలిమెంటు

ఈ భాగం రాయడం నాకు అన్నిటికంటే ఇష్టం.

చెమ్మ కొస సీలు నుంచే వచ్చి, గొట్టానికి చిల్లు లేకపోతే, ఎలిమెంటును బాగా ఆరబెడితే ఇన్సులేషన్ తిరిగి రావాలి. ఆ తరువాత కొసలు మాత్రం బయట ఉంచి గొట్టాన్ని నీళ్లలో నానబెట్టినా తగ్గకూడదు. చిల్లే ఉంటే నానబెట్టిన కాసేపటికి మెగ్గర్ మళ్లీ కిందికి రావాలి. ఒక్క పరీక్షతో రెండు దారుల్లో ఒకటి మూసుకుపోతుంది.

ఆరబెట్టడానికి డాబా మీద ఎండ సరిపోదు. 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉండాలి. మలికిపురంలో మాకు తెలిసిన బేకరీ ఉంది. యజమాని ఒకప్పుడు మా కాలేజీలోనే చదివాడు. సాయంత్రం పఫ్‌లు తీసేశాక పొయ్యి చల్లారే లోపు పెట్టుకోమన్నాడు. "మేడమ్, దీన్ని తినడానికి ఎవరొస్తున్నారు?" అని పనివాళ్లందరి ముందూ అడిగాడు. అంటిన పొర గోకి, కడిగి, శుభ్రమైన రేకు మీద పెట్టాం. రాత్రి పొద్దుపోయాక వెళ్లి తెచ్చుకున్నాం.

చల్లారాక మెగ్గర్ తిప్పాడు తమ్ముడు. 0.2 ఉన్న చోట ఇప్పుడు ముల్లు 200 దాటి అనంతం వైపు పోయింది.

తరువాత బకెట్టు. నీళ్లలో గుప్పెడు ఉప్పు వేశాను, కరెంటు బాగా పారాలి కదా. టెర్మినళ్లు నీటికి జానెడు ఎత్తులో ఉండేలా కర్రకు కట్టి గొట్టాన్ని ముంచాం. మెగ్గర్ ఒక తీగ టెర్మినలుకు, రెండోది నీళ్లలోకి. 200కు పైనే. రాత్రంతా అలాగే వదిలేశాం. తెల్లారి చూస్తే 180. వేడిలో బలహీనపడిన కొస సీలు గుండా పంచలోని మంచు గాలి కొంత లోపలికి పోయి ఉంటుంది. చిల్లు ఉంటే మాత్రం 180 అనే మాటే ఉండదు. చివరికి రెండు చుక్కల నీళ్లు డ్రాపరుతో సరిగ్గా ఆ గోధుమ చార దిగిన టెర్మినలు సీలు మీద వేసి గంట ఆగాం. 3 మెగా ఓమ్‌లు. ఇంకో గంటకు 0.6.

నేరస్థుడు దొరికాడు. గాస్కెట్ చిట్లింది, నీళ్లు కారాయి, సీలు తడిసింది, పొడి చెమ్మ పీల్చింది. ఈ వరుసలో ఉప్పుకు చోటు లేదు.

నీటి పరీక్ష

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు రెండు సీసాలు పంపించాం, ఒకటి స్నానాల గది కుళాయిది, ఒకటి పెరటి బోరుది. గది కుళాయిలో కరిగిన లవణాలు లీటరుకు 340 మిల్లీగ్రాములు, కాఠిన్యం 160. బోరులో 2,600, 780. తాగే నీటికి ఐఎస్ 10500 ప్రమాణం లవణాలకు 500, కాఠిన్యానికి 200 దాకా మంచిదంటుంది. గత్యంతరం లేకపోతే 2,000, 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే గీజర్ తాగుతున్నవి మంచినీళ్లు. టెక్నీషియన్ ఫోటో తీసినవి గొడ్లు కూడా మూతి తిప్పుకునే నీళ్లు.

పుష్యం: ఉత్తరాలు

రాసేది మావారు, కొలతలు నావి. ఆయన మొదటి చిత్తుప్రతిలో "మహారాజశ్రీ" తప్ప అన్నీ ఉన్నాయి. కోపం ఉన్న వాక్యాలన్నీ కొట్టేశాను. మిగిలినది ఒకటిన్నర పేజీ: ఏమి కొలిచాం, ఎలా కొలిచాం, ఎంత వచ్చింది, ఏ ఫోటోలో ఉంది. చివర అడిగినవి రెండు. ఎలిమెంటు, దాన్ని మార్చిన కూలి ఇవ్వండి. "నీటి నాణ్యత" అన్న కారణాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి.

ఒక న్యాయసూత్రం కూడా కలిపాం. నష్టం పాలసీ పరిధిలో ఉందని చూపించడం మన బాధ్యత; ఫలానా మినహాయింపు వర్తిస్తుందని నిరూపించడం బీమా కంపెనీ బాధ్యత. ఒక నగల దుకాణం దొంగతనం కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టంగా చెప్పింది. మూత విప్పకుండా తీసిన కుళాయి ఫోటో నిరూపణ ఎలా అవుతుందో చెప్పమని అడిగాం.

ఉత్తరం కస్టమర్ కేర్‌కు కాదు, కంపెనీ ఫిర్యాదుల అధికారికి వెళ్లాలి. పాలసీ కాగితంలో ఆ మెయిల్ ఉంటుంది. వాళ్లకు 2 వారాల గడువు.

భోగికి ముందు

కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు. భోగి నాడు ఇంటిల్లిపాదికీ తలంట్లు. పెరట్లో కొబ్బరి డొక్కల పొయ్యి మీద కాగు పెట్టి నెట్టుకొస్తున్నాం కానీ అత్తయ్యగారి మోకాళ్లకు అక్కడి నుంచి బకెట్లు మోసుకోవడం కుదరదు. ఫలానా రోజు బాగు చేయిస్తున్నాం, చూడాలనుకుంటే ఆ లోపు రండి అని ఇంకో మెయిల్ పెట్టి, ఎవరూ రాకపోయేసరికి కంపెనీ అసలు విడిభాగాలు అమ్మే చోటే ఎలిమెంటు, గాస్కెట్ కొన్నాం. ఎలిమెంటు 1,180, గాస్కెట్ 90, కూలి 450, అన్నీ జీఎస్టీ బిల్లు మీద. పాత ఎలిమెంటును మళ్లీ ఆరబెట్టి, గాస్కెట్‌తో కలిపి సంచిలో వేసి, చీటీ అంటించి బీరువాలో పెట్టాను. వాదన తేలేదాకా పాత భాగాన్ని పాతసామాన్లవాడికి ఇవ్వకూడదు; మన వైపు మాట్లాడేది అదొక్కటే.

ఐదు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం, ఒకే వైపు లాగకుండా. నీళ్లు నింపి పూట ఆగి, కింద కాగితం పరిచి చూశాం, చుక్క లేదు. 25 డిగ్రీల నీళ్లు 60కి చేరి థర్మోస్టాట్ ఆపడానికి 19 నిమిషాలు పట్టింది. లెక్క ప్రకారం 18 పైచిలుకు. ఆర్‌సీసీబీ కదల్లేదు. అల్లుడు గారు వేడినీళ్లు అరగంట సేపు వాడారు. దాని గురించి వ్యాఖ్యానం చేయను.

పండగ తరువాత

కంపెనీ రెండో జవాబు. నీటి ఊసే ఎత్తలేదు. ఈసారి గాస్కెట్ అరిగిపోయే వస్తువు కాబట్టి మినహాయింపు, ఎలిమెంటు నష్టం దాని "పర్యవసాన నష్టం" కాబట్టి అదీ మినహాయింపు అన్నారు.

చూశారా, మొదటి కారణం ఎక్కడికి పోయిందో తెలియదు. కానీ తప్పని ఒప్పుకోలేదు. మావారు ఆ పాలసీని పొలం దస్తావేజులా చదివారు. నిర్వచనాల పేజీలో పర్యవసాన నష్టం అంటే ఇతర ఆస్తికి జరిగిన నష్టం, వస్తువు వాడుకోలేకపోవడం వల్ల కలిగిన నష్టం అని వాళ్లే రాసుకున్నారు. ఎలిమెంటు ఇతర ఆస్తి ఎలా అవుతుంది? గీజర్‌లో ఎలిమెంటే కదా గీజర్! గాస్కెట్ 90 రూపాయలు మేమే పెట్టుకుంటాం, అది అరిగే వస్తువే, ఒప్పుకుంటాం. ఇదే రాసి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. 155255కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. ఆ సంస్థ తీర్పు ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు వచ్చేదాకా వెంటబడుతుంది. అయినా కస్టమర్ కేర్‌లో వినపడని గొంతు అక్కడ నుంచి వినపడుతుంది.

అదీ కాకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నారు. హైదరాబాద్ కార్యాలయానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు మన పక్కనున్న యానాం కూడా వస్తుంది. కంపెనీకి ముందు రాసి ఉండాలి, జవాబు నచ్చకపోయినా నెల దాకా రాకపోయినా వెళ్లవచ్చు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. గ్రూప్ పాలసీ సభ్యులూ వెళ్లవచ్చు. ఫారం నింపి పక్కన పెట్టుకున్నాం. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కానీ ఇంత చిన్న లెక్కకు వాయిదాలు తిరగడం నాకు ఇష్టం లేదు.

ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పదహారు వందల కోసం ఇంత అవసరమా? 1,499 కట్టించుకున్నప్పుడు ఆ ప్రశ్న దుకాణంవాడిని ఎవరూ అడగలేదు.

మాఘం

ఇంకో మనిషి వచ్చాడు. ఈసారి కొంచెం పెద్దవాడు, సొంత మెగ్గర్ తెచ్చుకున్నాడు, నాకు అక్కడే సగం సంతోషం. బీరువాలోంచి ఎలిమెంటు తీసి బకెట్టు పరీక్ష అతని చేతే చేయించాను. అతని మీటరు 150 పైన చూపింది. గాస్కెట్ చిట్లిన చోటు, నట్టు దగ్గర చార ఫోటోలు, నీటి రిపోర్టులు, అన్నీ తీసుకున్నాడు. "గొట్టం బాగానే ఉందమ్మా" అని తన రిపోర్టులో రాసి నాకు చూపించాడు. నకలు ఇవ్వనన్నాడు, మావారు అక్కడికక్కడే నకలు కోరుతూ మెయిల్ పంపారు. వారం తిరిగేలోపు వచ్చింది.

మాఘం చివర

కంపెనీ ఒప్పుకుంది, తన పద్ధతిలో. "సద్భావంతో" 1,630 రూపాయలు ఇస్తామంటూ ఒక వోచరు పంపారు. "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తున్నాను, ఇక ఏ వాదనా లేదు" అని సంతకం పెట్టాలి. మొదటి తిరస్కరణ ఉత్తరం మాత్రం వాళ్ల రికార్డులో అలాగే ఉంటుంది.

మావారు కలం తీశారు. నేను వద్దన్నాను. ఇంట్లో రెండు పూటలు దీని మీదే మాటలు. డబ్బు మొత్తం వస్తున్నప్పుడు మాటల కోసం పట్టుబట్టడం మొండితనమని ఆయన వాదన. దయతో ఇచ్చే డబ్బు నాకు అక్కర్లేదు, పాలసీ ప్రకారం రావలసిన డబ్బు కావాలి. దయతో ఇచ్చింది అని సంతకం పెడితే నీళ్ల నేరం మా మీద ఉన్నట్టే, క్షమించి వదిలేసినట్టే. రెండోరోజు రాత్రి ఆయనే లేచి జవాబు రాశారు: మొత్తం సరే, "సద్భావం" బదులు "పాలసీ నిబంధనల ప్రకారం" అని మార్చండి, నీటి నాణ్యత కారణాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రిఫరెన్సు నంబరుతో ఒక వాక్యం రాయండి, అప్పుడు సంతకం. లేకపోతే అంబుడ్స్‌మన్ ఫారం సిద్ధంగా ఉంది, నకలు జతచేశాం.

ఫాల్గుణం

కొత్త వోచరు వచ్చింది. "పాలసీ నిబంధనల ప్రకారం" అని ఉంది. విడి ఉత్తరంలో ఫలానా నంబరు తిరస్కరణ రద్దయింది, తనిఖీలో నీటి నాణ్యత వల్ల నష్టం కలిగినట్టు కనపడలేదు అని రాశారు. క్షమాపణ లేదు, అడగలేదు కూడా. మావారు సంతకం పెట్టారు, వారంలో ఎలిమెంటు 1,180, కూలి 450 ఖాతాలో పడ్డాయి. గాస్కెట్ 90 మా ఖర్చు. ఉత్తరాన్ని లామినేషన్ చేయించి పాలసీ కాగితంతో పాటు పెట్టారు. లామినేషన్‌కు 30.

కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి. బోరు నుంచి మొదటి ట్యాంకుకు వెళ్లే పైపును ప్లంబరు చేత కోయించి మూత బిగించాం. ఈ వేసవి నీళ్లు చాలకపోతే ట్యాంకరు తెప్పించుకుంటాం. అడుగు ప్లేటు చుట్టూ నెలకోసారి పొడి కాగితంతో తుడిచి చూస్తున్నాను. ఇప్పటివరకూ పొడే. యానోడ్ రాడ్ వచ్చే కార్తీకానికి ముందు విప్పి కొలవాలి, కొత్తది కొని ఉంచాను.